ఎంత అని అడిగే ముందు: రెండో సెమిస్టర్ కాలిక్యులస్‌తో 16 వారాలు

ఇంటర్మీడియట్‌లో ఎంపీసీ ముగించిన ఇరవై రెండేళ్ల తర్వాత, గత జనవరిలో, నేను మళ్లీ లెక్కల తరగతిలో కూర్చున్నాను. మేము ఉండేది అమెరికాలో, టెక్సస్ రాష్ట్రంలో, డాలస్ నగరానికి కొంచెం ఉత్తరాన. ఇంటర్ తర్వాత ఇంటి పరిస్థితుల వల్ల బీకాం కంప్యూటర్స్‌లో చేరి, అక్కడి నుంచి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగంలోకి వచ్చినదాన్ని కాబట్టి, ఇప్పుడు స్టాటిస్టిక్స్‌లో మాస్టర్స్ చేయాలనుకుంటే విశ్వవిద్యాలయం వాళ్లు కాలిక్యులస్ మూడు సెమిస్టర్లూ ముందు పూర్తి చేసి రమ్మన్నారు. మొదటి భాగం డిసెంబరులో అయిపోయింది. రెండో భాగం పేరు మ్యాథ్ 2414. ఈ రాష్ట్రంలో కోర్సుల సంఖ్యలకు ఒక ఉమ్మడి పద్ధతి ఉంది. మొదటి అంకె ఏ సంవత్సరపు స్థాయిదో, రెండో అంకె ఎన్ని క్రెడిట్లో చెబుతాయి. అంటే ఇది రెండో సంవత్సరపు స్థాయిలో నాలుగు క్రెడిట్ల కోర్సు. దగ్గర్లో ఉన్న కమ్యూనిటీ కాలేజీలో చదివినా ఆ క్రెడిట్లు విశ్వవిద్యాలయంలో చెల్లుతాయి.

తరగతి సోమ, బుధవారాల్లో సాయంత్రం 6 గంటలకు మొదలయ్యేది. ఆఫీసు నుంచి నేరుగా వెళ్లేదాన్ని. చుట్టూ కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది మా పెద్దమ్మాయి కన్నా మూడు నాలుగేళ్లు మాత్రమే పెద్దవాళ్లు. మూడు భాగాల్లోనూ రెండోదే గట్టిదని వాళ్లు మొదటి రోజే చెప్పుకుంటుంటే, ఆ భయం నాకు అంటలేదు. ఇంటర్ రెండో సంవత్సరం టూ-బీ పేపరులోని సమాకలనం (ఇంటిగ్రేషన్, వక్రం కింది వైశాల్యాన్ని కనుక్కునే పద్ధతి) అధ్యాయాన్ని తెలుగు మీడియంలో, తెలుగు అకాడమీ పుస్తకంలోంచి, ఒక్క లెక్క వదలకుండా చేసినదాన్ని. ప్రతిక్షేపణ, విభాగ సమాకలనం, పాక్షిక భిన్నాలు అన్నీ అప్పుడే అయిపోయాయి. ఇక్కడి పిల్లలు కొత్తగా నేర్చుకోవలసిన సగం పాఠ్యాంశాన్ని నేను పదిహేడేళ్ల వయసులోనే నేర్చుకున్నాననుకున్నాను.

మొదటి ఐదు వారాలు ఆ నమ్మకాన్ని నిలబెట్టాయి. విభాగ సమాకలనంలో ఏ ప్రమేయాన్ని (ఫంక్షన్‌ను) ముందు తీసుకోవాలో గుర్తుంచుకోవడానికి, వాటి ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరాలు కలిపి, ఇక్కడి పిల్లలు లియేట్ అనుకుంటారు, మేము ఐలేట్ అనుకునేవాళ్లం. సంవర్గమానం (లాగరిథమ్) ముందా, విలోమ త్రికోణమితి ప్రమేయం ముందా అన్నదొక్కటే తేడా. ఆ రెండూ ఒకే లెక్కలో ఎదురుపడటం అరుదు కాబట్టి ఎవరికీ చిక్కు రాదు. వర్గమూలం కింద 9 లోంచి ఎక్స్ వర్గం తీసివేసి కనిపిస్తే, ఎక్స్ బదులు 3 సైన్ థీటా రాయాలని నా బుర్ర కన్నా ముందు నా చెయ్యే చెప్పింది. పెళ్లయి ఊరు విడిచిన ఎన్నాళ్లకో సంక్రాంతికి పుట్టింటికి వెళ్తే, చుక్కలు పెట్టగానే పాత ముగ్గు దానంతట అదే వేళ్లలోంచి దిగినట్టు ఉంది ఆ అనుభవం. ఇంటర్‌లో మాకు పాఠం చెప్పిన మాస్టర్లకు మనసులోనే దండం పెట్టుకున్నాను, ఇప్పటికీ పెట్టుకుంటాను. అంత సాధన లేకపోతే తర్వాత వచ్చినదాని మీద దృష్టి పెట్టే తీరికే నాకు దొరికేది కాదు.

ఆరో వారంలో ఒక చిన్న క్విజ్ పెట్టారు. 1ని ఎక్స్ వర్గంతో భాగిస్తే వచ్చే ప్రమేయాన్ని −1 నుంచి 1 వరకు సమాకలనం చేయమన్నారు. నాకు నిమిషం కూడా పట్టలేదు. సమాకలనం చేస్తే వచ్చేది మైనస్ 1 బై ఎక్స్. పై హద్దు దగ్గర దాని విలువ −1, కింది హద్దు దగ్గర 1, తీసివేస్తే −2. సమాధానం చుట్టూ పెట్టె గీసి ఇచ్చేశాను. కాగితం తిరిగి వచ్చినప్పుడు దాని మీద సున్నా ఉంది, పక్కన ప్రొఫెసర్ గారు ఒకే ఒక్క ప్రశ్న రాశారు: ఈ వక్రం ఎక్కడైనా ఎక్స్ అక్షానికి కిందికి దిగుతుందా?

దిగదు. వర్గం ఏనాడూ రుణసంఖ్య కాదు, కాబట్టి ఆ వక్రం ఆసాంతం అక్షానికి పైనే ఉంటుంది. పైన ఉన్న వక్రం కింది వైశాల్యం −2 ఎలా అవుతుంది? అసలు సంగతి సున్నా దగ్గర ఉంది. అక్కడ ఆ ప్రమేయం హద్దు లేకుండా పైకి లేచిపోతుంది. సున్నాకు రెండు వైపులా విడివిడిగా అవధి (లిమిట్) తీసుకుని చూస్తే ఏ వైపు వైశాల్యానికీ అంతు లేదని తేలుతుంది. అంటే నన్ను అడిగిన సమాకలనికి విలువే లేదు. లేనిదానికి నేను విలువ కట్టి, పెట్టె కూడా గీశాను.

ఆ రాత్రి చాలాసేపు ఆ కాగితాన్నే చూస్తూ కూర్చున్నాను. ఇంటర్ పరీక్షలో ఏడు మార్కుల ప్రశ్న వచ్చిందంటే దానికి జవాబు ఉన్నట్టే లెక్క. ఎంసెట్ బిట్టు అయితే జవాబు ఇచ్చిన ఆ నాలుగింటిలోనే ఉండేది. కాబట్టి మా శ్రమంతా ఆ జవాబు దాకా ఎంత త్వరగా వెళ్లగలమన్నదాని మీదే ఉండేది. జవాబు ఉందా లేదా అని ముందు అడగాలన్న ఆలోచనకు చోటే లేదు. ఈ కోర్సులో మిగిలిన పది వారాలూ ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగాయి, నేను ఈ నాలుగు మాటలు రాయడానికి కారణం కూడా అదే.

తర్వాతి వారంలో దానికి రెండో ముఖం కనిపించింది. స్టాటిస్టిక్స్ చదవాలనుకునేవాళ్లకు గంట ఆకారంలో ఉండే వక్రం, అంటే నార్మల్ డిస్ట్రిబ్యూషన్, గుమ్మంలోనే ఎదురవుతుంది. దానికి మూలం సహజ సంవర్గమానాల ఆధార సంఖ్యను మైనస్ ఎక్స్ వర్గం అనే ఘాతానికి పెంచిన ప్రమేయం. ఆ వక్రం కింది వైశాల్యం నిక్షేపంగా ఉంది. కానీ దాన్ని సమాకలనం చేస్తే వచ్చే ప్రమేయాన్ని మనకు తెలిసిన బహుపదులు, త్రికోణమితి ప్రమేయాలు, ఘాత ప్రమేయాలు, సంవర్గమానాలతో ఎన్ని విధాలుగా కలిపినా రాయలేము. ఇంకా ఎవరూ కనుక్కోలేదని కాదు, అలా రాయడం అసాధ్యమని రుజువే ఉంది. ఇలాంటి రుజువులకు దారి వేసినవాడు 19వ శతాబ్దపు ఫ్రెంచి గణితజ్ఞుడు లియూవిల్. మొదటి క్విజ్‌లో సూత్రం ఉండి విలువ లేకపోయింది, ఇక్కడ విలువ ఉండి సూత్రం లేకుండా పోయింది. ఈ రెండూ వేర్వేరు విషయాలని నలభయ్యో పడిలో అడుగుపెట్టాక తెలుసుకున్నాను. స్టాటిస్టిక్స్ పుస్తకాల వెనక ఆ వక్రం కింది వైశాల్యాల పట్టికలు ఎందుకు ఉంటాయో కూడా అప్పుడే అర్థమైంది.

ఎనిమిదో వారంలో అనంత శ్రేణులు మొదలయ్యాయి. మొదట వచ్చింది గుణశ్రేణి, అది మనకు కొత్త కాదు. చదరంగం గళ్లలో మొదటి గడికి ఒక గింజ, తర్వాతి ప్రతి గడికీ రెట్టింపు చొప్పున పెడుతూ పోతే మొత్తం ఎన్ని గింజలవుతాయో చెప్పే తెలుగు పద్యం ఒకటి మా తాతయ్య నోట విన్నాను. శర, శశి అంటూ అంకెలకు బదులు మాటలు పేర్చిన ఆ పద్యాన్ని చివరి నుంచి మొదటికి చదువుకుంటే 18446744073709551615 వస్తుంది. రెట్టింపు చేసే బదులు సగం చేసుకుంటూ పోతే మాత్రం గళ్లకు అంతే లేకపోయినా మొత్తం రెండు గింజలు దాటదు. మా చిన్నమ్మాయి ఒకసారి 0.999 అని తొమ్మిదులు రాసుకుంటూ పోతే అది ఒకటికి ఎంత తక్కువ అని అడిగింది. పదింట తొమ్మిది, నూరింట తొమ్మిది, వెయ్యింట తొమ్మిది అంటూ దాన్ని గుణశ్రేణిగా రాసి, మొత్తం సరిగ్గా ఒకటేనని చూపించాను. అది నమ్మడానికి దానికి రెండు రోజులు పట్టింది, అలా పట్టడం సబబే.

చిక్కు తెచ్చినది హరాత్మక శ్రేణి: 1 + 1/2 + 1/3 + 1/4 + … పదాలు చిన్నవై, చిన్నవై, సున్నాకు చేరువవుతాయి. అలాంటప్పుడు మొత్తం ఎక్కడో ఒకచోట ఆగాలని ఎవరికైనా అనిపిస్తుంది. నాకూ అనిపించింది, మొదటి మిడ్‌టర్మ్‌లో అదే వాక్యం రాశాను, దాని మీద ఆధారపడ్డ రెండు లెక్కలూ పోయాయి. 100కు 61 వచ్చాయి. నిజానికి ఆ మొత్తానికి అంతు లేదు. ఆ రుజువు ఇచ్చినవాడు 14వ శతాబ్దపు ఫ్రాన్స్ దేశపు పండితుడు నికోల్ ఒరెమ్, దాన్ని అర్థం చేసుకోవడానికి భిన్నాలు తెలిస్తే చాలు. 1/3, 1/4 కలిపితే అర కన్నా ఎక్కువ, ఎందుకంటే రెండు పావులే అర. 1/5 నుంచి 1/8 వరకు నాలుగు పదాలు కలిపినా అర కన్నా ఎక్కువే, ఎందుకంటే నాలుగు అరపావులు అర. తర్వాత ఎనిమిది పదాలు, ఆ తర్వాత పదహారు పదాలు. ఇలా గుంపులు కట్టుకుంటూ పోతే ప్రతి గుంపూ ఒక అరను తెచ్చి పోస్తుంది. అరలు ఎన్నటికీ అయిపోవు కాబట్టి మొత్తం ఏ హద్దునైనా దాటిపోతుంది.

దాటుతుంది గానీ ఎంత నిదానంగా దాటుతుందో చూస్తే ఆ పొరపాటు ఎందుకు సహజమో తెలుస్తుంది. మొత్తం 5 దాటడానికి 83 పదాలు చాలు, 10 దాటడానికి 12,367 పదాలు కావాలి, 20 దాటడానికి 27 కోట్లకు పైగా కావాలి. 1,380 కోట్ల ఏళ్ల కిందట విశ్వం మొదలైన క్షణం నుంచి సెకనుకు ఒక పదం చొప్పున కూడుతూ వచ్చినా ఈపాటికి మొత్తం 42కు చేరి ఉండదు. ఈ చివరి లెక్కకు కంప్యూటరు అక్కరలేదు. శ్రేణిని వక్రం కింది వైశాల్యంతో పోల్చే సమాకలన పరీక్ష ఈ మొత్తం ఇంచుమించు సంవర్గమానంలా పెరుగుతుందని చెబుతుంది, కాబట్టి నేను దాన్ని కాగితం మీదే చేశాను. ఆరంభంలో చేసిన సమాకలనం ఇక్కడికి వచ్చి పనికి రావడం చూసినప్పుడు ఈ కోర్సును రెండు ముక్కలుగా చూడటం మానేశాను.

ఇంగ్లీషు మాటలు ఎన్నిసార్లు చదివినా మనసుకు పట్టకపోతే, మా తమ్ముడి చేత పాత డిగ్రీ పుస్తకంలోని పేజీలు ఫొటో తీయించి తెప్పించుకున్నాను. కన్వర్జెన్స్‌కు తెలుగులో అభిసరణ అని, డైవర్జెన్స్‌కు అపసరణ అని ఉంది. ఒకటి చేరువగా నడవడం, రెండోది దూరంగా నడవడం. అభిసారిక అన్న మాట తెలిసినవాళ్లకు ఇక నిర్వచనం బట్టీ పట్టే పని ఉండదు. ప్రియుడి దగ్గరికి బయలుదేరిన నాయికకు ఆ పేరు నడక వల్ల వచ్చింది, చేరడం వల్ల కాదు. శ్రేణి మొత్తాలు కూడా అంతే, ప్రతి అడుగుకూ దగ్గరవుతాయి, చాలాసార్లు ఏ అడుగులోనూ చేరవు, అయినా ఎటు వెళ్తున్నాయో సందేహం ఉండదు. ఆ పారిభాషిక పదం ఏర్పరచినవాళ్లకు నేను రుణపడి ఉన్నాను.

తర్వాతి మూడు వారాలు పరీక్షలే, అంటే శ్రేణి అభిసరిస్తుందో లేదో తేల్చే పరీక్షలు: పోల్చి చూసేది, నిష్పత్తితో చూసేది, మూలంతో చూసేది, ధన రుణ పదాలు మార్చి మార్చి వచ్చే శ్రేణులకు వాడేది. వీటిని సూత్రాల పట్టికలా కంఠస్థం చేస్తే ఈ కోర్సు దాటడం కష్టం. నిష్పత్తి పరీక్షలో, అంటే పక్కపక్క పదాల నిష్పత్తి చూసేదానిలో, అవధి 1 వస్తే ఆ పరీక్ష ఏమీ చెప్పదు. హరాత్మక శ్రేణికీ 1 వస్తుంది, 1 + 1/4 + 1/9 + 1/16 + … అన్న వర్గాల శ్రేణికీ 1 వస్తుంది. మొదటిది అపసరిస్తుంది, రెండోది అభిసరిస్తుంది. అది π (పై) అనే సంఖ్య వర్గంలో ఆరో వంతుకు అభిసరిస్తుందని 1730ల్లో స్విస్ గణితజ్ఞుడు ఆయిలర్ కనుక్కున్నాడు. సమాకలన పరీక్ష వాడాలంటే ప్రమేయం ధనాత్మకమనీ, అవిచ్ఛిన్నమనీ (ఎక్కడా తెగదనీ), తగ్గుతూ పోయేదనీ ముందు రాయాలి. నేను సరైన ముగింపు ఇచ్చి కూడా ఈ మూడు మాటలూ రాయనందుకు రెండుసార్లు మార్కులు పోగొట్టుకున్నాను. మొదట బాధ కలిగింది గానీ, నా −2కు మూలం కూడా అవిచ్ఛిన్నత చూసుకోకపోవడమే అని గుర్తొచ్చాక ఆ మార్కులు కోయడం న్యాయమనిపించింది. అప్పటి నుంచి ప్రతి లెక్కకూ పెన్ను పెట్టేముందు ఈ పరీక్ష నన్ను ఏ షరతులు అడుగుతుందో పక్కన తెలుగులో రాసుకునేదాన్ని. వారానికి పది పన్నెండు గంటలు పట్టేది, ఎక్కువగా పిల్లలు పడుకున్నాక, వంటింటి బల్ల దగ్గర.

వీటన్నింటిలో నన్ను బాగా కదిలించింది 1 − 1/2 + 1/3 − 1/4 + … అన్న శ్రేణి. దాని మొత్తం 2 యొక్క సహజ సంవర్గమానం, అంటే సుమారు 0.693. అవే పదాలను, ఒక్కటి కూడా వదలకుండా, ఒక ధన పదం తర్వాత రెండు రుణ పదాలు వచ్చేలా మళ్లీ పేర్చితే మొత్తం సరిగ్గా సగమైపోతుంది. కూడేటప్పుడు వరస మారినా మొత్తం మారదని మనం ఒకటో తరగతిలో నేర్చుకున్నాం. లెక్క అనంతంలోకి వెళ్తే ఆ నియమం దానంతట అది వెంట రాదు. ఏ శ్రేణులకు వస్తుందో, వేటికి రాదో విడదీసి చెప్పేదే పరమ అభిసరణ అన్న భావన. ఆ పేరు వెనక ఇంత ప్రాణమున్న కారణం ఉందని తెలిశాక అది నాకు మరిచిపోలేని మాట అయింది.

పోలార్ నిరూపకాలు, వక్రాల పొడవు, ఘనపరిమాణాలు కూడా ఈ కోర్సులో ఉన్నాయి. అవి కష్టపడితే వచ్చేవి, వాటి గురించి ఎక్కువ చెప్పను. పన్నెండో వారంలో పుస్తకంలో జర్మన్ గణితజ్ఞుడు లైబ్నిట్జ్ పేరుతో వచ్చిన శ్రేణి గురించి మాత్రం చెప్పాలి. 1 − 1/3 + 1/5 − 1/7 + … అన్న ఆ శ్రేణి మొత్తం π విలువలో నాలుగో వంతు. లైబ్నిట్జ్ దాన్ని 1670ల్లో కనుక్కున్నాడు. అంతకు సుమారు మూడు వందల ఏళ్ల ముందు కేరళలో గణితజ్ఞుడు సంగమగ్రామ మాధవుడు దాన్ని ఎరుగును. మాధవుడు దీని మీద రాసినది మనకు దక్కలేదు, శిష్య పరంపర ద్వారానే తెలిసింది. వాళ్లలో జ్యేష్ఠదేవుడు 1530 ప్రాంతంలో యుక్తిభాష అన్న గ్రంథాన్ని మలయాళ వచనంలో, సూత్రాలతో సరిపెట్టకుండా ఉపపత్తులతో (రుజువులతో) సహా రాశాడు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి చార్లెస్ విష్ 1834లో అచ్చయిన వ్యాసంలో ఈ సంగతి యూరపుకు చెప్పాడు. ఇంతవరకు చాలామంది తెలుగువాళ్లు ఎక్కడో ఒకచోట విని ఉంటారు, గర్వపడి కూడా ఉంటారు. నేను గర్వంతో పాటు ఆశ్చర్యపోయింది దాని తర్వాతి మెట్టు దగ్గర.

ఈ శ్రేణి చాలా మందకొడిగా అభిసరిస్తుంది. పది పదాలు కూడి నాలుగుతో గుణిస్తే 3.0418 వస్తుంది, వంద పదాలకు 3.1316. చేత్తో లెక్క కట్టేవాడికి ఇది ఎందుకూ కొరగాదు. మాధవుడి పరంపర అక్కడ ఆగకుండా, మనం ఆపేసిన చోట ఇంకా ఎంత మిగిలి ఉందని అడిగింది. ఆ మిగులుకు ఒక సవరణ పదం కూడా ఇచ్చింది. పదాల సంఖ్యను, దాని వర్గానికి నాలుగు రెట్లకు ఒకటి కలిపిన సంఖ్యతో భాగించాలి. పది పదాలకైతే అది 401లో 10 వంతులు. నాలుగుతో గుణిస్తే 40/401, అంటే సుమారు 0.09975. దాన్ని 3.04184కు కలిపితే 3.14159 వస్తుంది. నేను మా పెద్దమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని క్యాలిక్యులేటర్ మీద కూడి చూశాను. పది పదాలతో ఒక్క దశాంశ స్థానం కూడా సరిగ్గా రాని మొత్తం, ఒకే ఒక్క సవరణతో ఐదు స్థానాల వరకు సరిపోయింది. మా అమ్మాయి మళ్లీ మొదటి నుంచి తానే చేసి చూసుకుంది. మర్నాడు ప్రొఫెసర్ గారి గదికి వెళ్లి చూపిస్తే, ఆయన బోర్డు మీద ఇరవై పదాలకు చేసి చూసి, వచ్చే సెమిస్టర్ నుంచి ఈ శ్రేణి దగ్గర మాధవుడి పేరు కూడా చెబుతానన్నారు.

పద్నాలుగో వారంలో టేలర్ శ్రేణులు వచ్చేసరికి ఈ మిగులు అన్న ఆలోచనే నన్ను నడిపించింది. ప్రమేయాన్ని ఘాత శ్రేణిగా రాయడం తేలిక. ఎన్ని పదాల దగ్గర ఆపితే ఎంత తప్పు మిగులుతుందో చెప్పగలగడమే అసలు పని. నేను వృత్తిరీత్యా టెస్టింగ్ మనిషిని, ప్రోగ్రాం ఇచ్చిన జవాబు ఎంతవరకు నమ్మవచ్చో చూడటమే నా రోజువారీ బతుకు. అందుకేనేమో ఈ అధ్యాయం నాకు సొంత ఊరులా అనిపించింది.

మే నెలలో చివరి పరీక్ష జరిగింది. ఆఖరి ప్రశ్నలో ఆ గంట ఆకారపు వక్రమే వచ్చింది. 0 నుంచి 1 వరకు దాని కింది వైశాల్యాన్ని వెయ్యింట ఒక వంతుకు మించి తప్పు లేకుండా చెప్పాలి. సూత్రం లేదని తెలుసు, విలువ ఉందని తెలుసు. ప్రమేయాన్ని శ్రేణిగా రాసి, పదం పదాన్నీ సమాకలనం చేస్తే 1 − 1/3 + 1/10 − 1/42 + 1/216 − 1/1320 + … వచ్చింది. పదాలు ధన రుణాలుగా మారుతున్నాయని, ప్రతిదీ ముందు దానికన్నా చిన్నదని, సున్నాకు చేరువవుతున్నాయని మూడు వాక్యాలు రాశాను. అందువల్ల ఐదు పదాల దగ్గర ఆపితే మిగిలే తప్పు 1/1320 కన్నా తక్కువని నాలుగో వాక్యం రాశాను. అప్పుడు ఐదు పదాలూ కూడి, 0.7475 అని రాసి, దాని చుట్టూ పెట్టె గీశాను.